ఫ్రీబీఎస్‌డీ షట్‌డౌన్ పత్రం, మూడో ప్రతి: ‘ఆపు’ అన్న మాటతో వచ్చిన చిక్కు

మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఫైళ్ల సర్వరుగా నడుస్తున్న ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్ పెట్టెను, నేను ఊళ్లో లేనప్పుడు కరెంటు పోతే నాన్నగారు ఎలా ఆపాలో తెలుగులో రాస్తున్న పత్రం మూడోసారీ తప్పింది. మొన్న గాలివానకు కరెంటు పోగానే ఆయన పత్రంలో రాసినట్లే ‘షట్‌డౌన్ హైఫన్ హెచ్ నౌ’ అని కొట్టారు. 10 నిమిషాల తర్వాత ఫోన్ చేసి, “ఆపమన్నవు, ఆపిన. మళ్ల అదే లేచింది బిడ్డా” అన్నారు.

మొదట యూపీఎస్‌ను అనుమానించాను. తర్వాత, కరెంటు రాగానే యంత్రం తనంతట తాను లేచే బయాస్ (యంత్రం మొదలవగానే నడిచే మూల ప్రోగ్రాము) సెట్టింగు కారణమనుకుని దాన్ని తీసేసి మూడుసార్లు పరీక్షించాను, మార్పేమీ లేదు. చివరికి ప్లగ్ మీటరు పెట్టి కొలిస్తే, మామూలుగా నడిచేటప్పుడు 24 వాట్లు, ‘ఆగిన’ తర్వాత 19 వాట్లు చూపింది. అంటే యంత్రం ఆగలేదు, వ్యవస్థ మాత్రమే ఆగింది. తెర మీద చివరి వరుస, ఏదైనా కీ నొక్కితే రీబూట్ అవుతుందని ఇంగ్లీషులో చెబుతోంది. నాన్నగారు దాన్ని చదివి, అడిగినట్లే ఎంటర్ నొక్కారు.

తప్పు నా పత్రానిదే. లినక్స్‌లో సిస్టమ్‌డీ (వ్యవస్థను మొదలుపెట్టి, ఆపే ప్రోగ్రాము) ఉన్నచోట ‘హైఫన్ హెచ్’ కరెంటును కూడా తీసేస్తుంది కాబట్టి, ఆ అలవాటుతోనే ఇక్కడా రాశాను. ఫ్రీబీఎస్‌డీలో ‘హెచ్’ అంటే హాల్ట్ మాత్రమే, పూర్తిగా ఆర్పడానికి ‘పీ’ కావాలి. ఏ ఆప్షనూ లేకుండా ‘షట్‌డౌన్ నౌ’ అని కొడితే మరమ్మతుల కోసం ఉండే సింగిల్ యూజర్ మోడ్‌లోకి దిగి షెల్ (ఆదేశాలు టైపు చేసే తెర) ముందు నిలుస్తుంది. ఈ మూడు స్థితులకూ నేను ‘ఆపు’ అన్న ఒకే మాట వాడాను. ఇప్పుడు హాల్ట్‌కు ‘నిలపడం’, పవరాఫ్‌కు ‘ఆర్పడం’ అని విడదీశాను. ఫ్రీబీఎస్‌డీ మాన్యువల్ పేజీల కచ్చితత్వం నాకు ఎంతో ఇష్టం, కానీ అవి తేడా తెలిసినవారికే తేడా చూపిస్తాయి. ఇంటివాళ్ల కోసం రాసే పత్రంలో ప్రతి ఆదేశం పక్కన ‘తర్వాత ఫ్యాను తిరుగుతుందా, దీపం వెలుగుతుందా’ అన్నది తప్పక ఉండాలి.

షట్‌డౌన్ చేసే అనుమతి ఉన్న ఆపరేటర్ గ్రూపులో నాన్నగారి ఖాతాను చేర్చడంతో రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ అవసరం తీరిపోయింది.

‘షట్‌డౌన్ హైఫన్ పీ నౌ’ నిన్న ఐదుసార్లు కొట్టి చూశాను. ప్రతిసారీ ఫ్యాను ఆగి, మీటరు 1 వాటుకు దిగింది. అయితే నాలుగో ప్రతిలో అసలు టైపింగే లేకుండా చేయాలనుకుంటున్నాను. ఏసీపీఐ (కరెంటు వాడకాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అదుపు చేసే పద్ధతి) సెట్టింగుల్లో పవర్ బటన్ స్థితి ఎస్5 గా, అంటే పూర్తిగా ఆరిపోయేలా ఉంటే, బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే చాలు, యంత్రం క్రమంగా ఆరిపోతుంది. అదే 4 సెకన్లకు మించి పట్టుకుంటే కరెంటు ఉన్నపళంగా తెగుతుంది. అందుకే ‘నొక్కి వెంటనే వదలండి’ అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో రాసి బటన్ పక్కనే అతికిస్తాను. ఆ తర్వాత సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్ తెచ్చి, యూపీఎస్‌ను గమనించే నట్ సాఫ్ట్‌వేర్‌తో బ్యాటరీ తగ్గగానే సర్వరు దానంతటదే ఆరిపోయేలా చూడాలి.