కోయిలకొండ కోట, పైన పాత మజీదు

కోయిలకొండకు ఎక్కువమంది వెళ్లేది శ్రీరామకొండ దర్శనానికి. నేనూ మా బావా వెళ్లింది మాత్రం కోటలో ఉన్న పాత మజీదును చూడటానికి. మా బావకు కుతుబ్‌షాహీల పిచ్చి. గోల్కొండ, సమాధులు, చార్మినార్ అన్నీ ఎన్నోసార్లు తిరిగేశాడు. పాలమూరు వైపు వాళ్ల ఆనవాళ్లు ఏం మిగిలాయో చూద్దామని నన్ను బయల్దేరదీశాడు.

మహబూబ్‌నగర్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. ఊళ్లో దిగి టిఫిన్ చేసి, నీళ్ల సీసాలు నింపుకుని నడక మొదలుపెట్టాం. కోటకు పడమటి వైపు లోతైన లోయ ఉంది. దాన్ని దాటాకే మెట్లు వస్తాయి. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "ఎండ ముదరకముందే ఎక్కుండ్రి బిడ్డా, పైన గుక్కెడు నీళ్లు గూడ దొరకయ్" అన్నాడు. ఆ మాట విని ఇంకో రెండు సీసాలు కొనుక్కుని ఉంటే బాగుండేది గానీ, మా బావ ఆగే రకం కాదు.

పైదాకా వెళ్లాలంటే ఏడు దర్వాజాలు దాటాలి. మొదటి దర్వాజా మీదే ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు శాసనం ఉంది, 1550 నాటిది. ఈ కోటకు అసలు కథ ఆ ఏడాదిదేనంటూ బావ అక్కడే చతికిలబడ్డాడు.

గోల్కొండ రాజ్యాన్ని నిలబెట్టిన సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. ముసలాయన నమాజులో ఉండగా చంపించింది కొడుకు జంషీదేనని చరిత్రకారులు రాశారు. చిన్నకొడుకు ఇబ్రహీం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బీదరుకు, అక్కణ్నుంచి విజయనగరానికి పారిపోయాడు. అక్కడ పెత్తనం చేస్తున్న అళియ రామరాయలు ఏడేళ్లు నీడనిచ్చాడు. జంషీద్ పోయాక అతని పసికొడుకును గద్దె మీద కూర్చోబెట్టి దర్బారు పెద్దలు పెత్తనానికి కొట్టుకుంటుంటే, ఇబ్రహీం తిరిగొచ్చాడు. అప్పుడు అతని పక్షాన నిలిచినవాళ్లలో కోయిలకొండ నాయక్‌వాడీలు ఉన్నారు. నాయక్‌వాడీలంటే కోటలకు కాపలా ఉండే ఇక్కడి తెలుగు సైనికులే. ఆ 1550లోనే ఇబ్రహీం గోల్కొండ గద్దెనెక్కి 1580 దాకా ఏలాడు. మన కవులు మల్కిభరాముడని పొగిడింది ఇతన్నే. హుస్సేన్‌సాగర్, పురానాపూల్ కూడా ఇతని కాలానివే.

నాలుగో దర్వాజా దాటితే కూలిపోయిన మహలు వస్తుంది. మజీదు కూడా కోట లోపలే. చార్మినార్ హంగులు ఊహించుకుని రావద్దు. కోటలో ఉండే సిపాయిలు, అధికారులు రోజూ నమాజు చేసుకోవడానికి కట్టుకున్నది. గచ్చు ఊడిపోయిన చోట లోపలి రాయి కనిపిస్తోంది, గోడ సందుల్లో మొక్కలు మొలిచాయి. అయినా చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లాం. ఎవరూ అడగలేదు, విడవాలనిపించింది.

పడమటి గోడలో లోపలికి వంపు తిరిగిన గూడు మిహ్రాబ్. మనకు మక్కా పడమట ఉంది కాబట్టి మన వైపు మజీదులన్నీ అటే ముఖం పెట్టి ఉంటాయి. ఇమాం నిలబడేది ఆ గూడు ముందరే. ఇదంతా నాకు తెలిసిందే. తెలియనిది బావ చెప్పిన ఖుత్బా సంగతి. శుక్రవారం నమాజుకు ముందు చేసే ప్రసంగం అది. ఆ రోజుల్లో అందులో ఏ పాలకుడి పేరు చదివితే ఆ ఊరు అతనిదని లెక్క. నాణెం మీద పేరుకు ఎంత విలువో దీనికీ అంతే. మరి 1550లో జంషీద్ కొడుకు గోల్కొండలో కూర్చుని ఉండగా కోట ఇబ్రహీం వైపు తిరిగిందంటే, ఆ శుక్రవారం పేరు చదవాల్సిన మనిషికి ఎంత టెన్షనో! చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంలో తేలిపోయే మార్పు, కోటలో ఉన్నవాళ్లకు తలకాయల మీదికొచ్చే వ్యవహారం.

మజీదు పక్క దర్వాజా గుండా వెళ్తే తూర్పున ఈద్గా. ఈద్గా రోజూ నమాజు చేసే చోటు కాదు. రంజాన్‌కు, బక్రీద్‌కు అందరూ ఒక్కచోట చేరి పండుగ నమాజు చేసుకునేది. అందుకే పైకప్పుతో పని లేదు, పడమటి గోడా, ముందు ఖాళీ జాగా ఉంటే చాలు.

కుతుబ్‌షాహీలు షియాలు. మొహర్రంలో ఆలంలు, అంటే పీర్లు నిలబెట్టే ఆనవాయితీ వాళ్ల కాలంలో బాగా పాకింది. అదే మన పల్లెల్లో పీర్ల పండుగ. పాలమూరు ఊళ్లలో పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులే ఎక్కువగా కనిపిస్తారు. గుండం చుట్టూ తిరుగుతూ "అసోయ్ దూలా" అని గంతులేసినవాళ్లలో చిన్నప్పుడు నేనూ ఉన్నాను.

దిగేటప్పుడు మా ఇద్దరికీ వాదన మొదలైంది. 1565లో రాక్షసి తంగడి దగ్గర రామరాయల మీదికి కత్తి దూసిన సుల్తానుల్లో ఇబ్రహీం కూడా ఉన్నాడు. ఏడేళ్లు అన్నం పెట్టిన ఇంటి మీదికే వెళ్లాడు కదా అన్నాను నేను. దానికి బావ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ యుద్ధానికి కొద్ది ఏళ్ల ముందే రామరాయలు ఇబ్రహీం నుంచి కొన్ని కోటలు లాక్కున్నాడు. పానగల్లు, ఘనపురం, వాటితోపాటు ఇదే కోయిలకొండ. కష్టకాలంలో తన వైపు నిలిచిన కోటను వదులుకున్నవాడు ఊరుకుంటాడా అని బావ. అన్నం మాటేమిటి అని నేను. బస్సెక్కినా తెగలేదు. పక్కసీటు పెద్దమనిషి కాసేపు విని, "పొత్తుల సంగతి ఎప్పుడైనా అంతే సార్" అంటూ బావ పక్షం చేరిపోయాడు.