గెత్సేమనే అడవిలో నిద్రపోతున్న శిష్యులు

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్ డౌన్‌టౌన్‌లో ఫోర్త్ స్ట్రీటూ మహమ్మద్ అలీ బులెవార్డూ కలిసే చోట ఒక బోర్డు ఉంటుంది, తెలియనివాళ్లు చూడకుండానే దాటిపోతారు. 1958 మార్చి 18న థామస్ మెర్టన్ అనే క్యాథలిక్ సన్యాసి పని మీద మఠం నుంచి ఊళ్లోకి వచ్చి, ఇక్కడ షాపుల ముందు తిరుగుతున్న జనాన్ని చూస్తూ, వీళ్లంతా నావాళ్లే, నేను వేరే లోకంలో బతుకుతున్నాననుకోవడం వట్టి భ్రమ అని అనుభవించాడు. అప్పుడు ఆ వీధి పేరు వాల్నట్. 1978లో ఈ ఊరి బిడ్డ, బాక్సర్ అలీ పేరు పెట్టారు, వియత్నాం యుద్ధానికి రానని తెగేసి చెప్పిన అలీ. ఆ ఇద్దరూ ఒకే మూలన కలవడం నాకెంత సంతోషమనిపించిందో.

నేను గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టాను, ఇప్పుడు ఉండేది ఒహాయోలో. 1991లో చుండూరులో దళితులను వెంటాడి చంపి కాలువలో పడేసినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లకి అన్నం సయించలేదు. మేం వెళ్లే చర్చిలో మాత్రం ఆదివారం ఆ ఊసే రాలేదు. నాన్న లేచి అడిగితే, ప్రార్థన చేద్దాం బ్రదర్, రాజకీయాలు మనకెందుకు అన్నారు. మరోవైపు కేసుల కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో కొందరు అలిసిపోయి, ప్రార్థన పనిలేనివాళ్ల వ్యవహారమని చర్చి గడప తొక్కడం మానేశారు. ఈ రెండు రకాల మనుషుల మధ్యే పెరిగాను. అందుకే, ప్రార్థననీ యుద్ధాన్ని ఎదిరించడాన్నీ రెంటినీ వదలని మెర్టన్ ఉన్న మఠం చూడాలని చాలాకాలంగా ఉంది.

లూయిస్‌విల్ నుంచి బార్డ్స్‌టౌన్ మీదుగా గంటకు పైగా ప్రయాణం. బర్బన్ విస్కీ గోదాములు దాటాక కొండల మధ్య తెల్లటి చర్చి కనిపిస్తుంది. అదే గెత్సేమనే మఠం, 1848లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ట్రాపిస్టులు, అంటే మౌనానికి పెద్దపీట వేసే క్యాథలిక్ సన్యాసులు, కట్టుకున్నది. ఫ్రూట్‌కేక్ లాంటివి చేసి అమ్ముకుని బతుకుతారు. నేను వెళ్లినప్పుడు గెస్ట్‌హౌస్‌లో గదికి ఇంతని రేటు లేదు, ఇవ్వగలిగినంత ఇవ్వొచ్చు. భోజనాల దగ్గర మాటలుండవు. మొదటి పూట ఎదురుగా కూర్చున్న ఆయనకి నమస్కారం చెప్పబోయి ఆగిపోయాను, ఆయన నవ్వి బ్రెడ్ బుట్ట నా వైపు జరిపారు.

తెల్లవారుజామున మూడుంబావుకి మొదటి ప్రార్థన. వట్టి ఇటుక గోడలు, పొడవాటి చర్చి, రెండు వైపులా ఎదురెదురుగా నిలబడి సన్యాసులు కీర్తనలు పాడతారు, హెచ్చుతగ్గుల్లేకుండా, తొందరపడకుండా, ఒక్కో వాక్యం తర్వాత కాస్త ఆగుతూ. మన దగ్గర ప్రార్థనంటే గొంతెత్తి దేవుడికి అన్నీ చెప్పుకోవడమే కదా, అది తప్పని నేననను, మా అమ్మ ప్రార్థన అదే. కానీ ఇక్కడ వింటూ కూర్చుంటే గమనించింది ఏంటంటే, కీర్తనల్లో సగం ఏడుపూ కోపమూ న్యాయం కోసం మొరా! బీదవాణ్ణి మింగేవాళ్లను ఇంకెన్నాళ్లు చూస్తూ ఊరుకుంటావని దేవుణ్ణే నిలదీస్తాయి. రోజుకి ఏడుసార్లు ఆ మాటలు నోటితో పలికే మనిషి లోకంలో జరిగేది పట్టనట్టు ఎలా ఉంటాడు?

మఠం ఎదురు రోడ్డు దాటి అడవిలోకి ఒక కాలిబాట ఉంది. దాని చివర కంచు విగ్రహాలు, వాకర్ హాంకాక్ చేసినవి. ఏసు పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో, మెలకువగా ఉండి ప్రార్థించమంటే శిష్యులు నిద్రపోయిన కథ అది. ముందు ముగ్గురు శిష్యులు ఒకరిమీద ఒకరు పడి నిద్రపోతుంటారు. ఇంకొంచెం పైకెళ్తే ఏసుక్రీస్తు మోకాళ్ల మీద, తల వెనక్కి వాల్చి, చేతుల్తో మొహం కప్పుకుని ఉంటాడు. ఈ విగ్రహాలు జోనాథన్ డేనియల్స్ జ్ఞాపకార్థం పెట్టినవి. ఆయన అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో సెమినరీ (పాస్టర్ల చదువు) విద్యార్థి. 1965లో మార్టిన్ లూథర్ కింగ్, నల్లజాతివాళ్ల ఓటు హక్కు కోసం పోరాటం నడుస్తున్న సెల్మాకి రమ్మని పిలిస్తే వెళ్లాలా వద్దా అని ఊగిసలాడుతూ, సాయంకాల ఆరాధనలో మరియమ్మ పాట, బలవంతులను సింహాసనాల నుంచి దించి దీనులను ఎత్తే ఆ పాట పాడుతుండగా వెళ్లాలని తేల్చుకున్నాడు. ఆగస్టు 20న అలబామాలోని హేన్‌విల్‌లో, జైలు నుంచి విడుదలైన కాసేపటికి, ఒక తెల్లవాడు రూబీ సేల్స్ అనే పదిహేడేళ్ల నల్లజాతి అమ్మాయి మీద తుపాకీ గురిపెడితే ఆమెను తోసేసి ఆ తూటా తాను తీసుకున్నాడు. వయసు 26. కాల్చినవాణ్ణి అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసిన వార్త చదివిన రోజు గుర్తొచ్చి నేనక్కడే రాతి మీద కూర్చుండిపోయాను. నిద్రపోతున్న ఆ శిష్యులు చెడ్డవాళ్లేం కాదు, ప్రార్థన చెయ్యడానికని వచ్చినవాళ్లే. నాకు ఆ ఆదివారం మా చర్చి కనిపించింది.

చర్చి పక్కనే మెర్టన్ సమాధి, అందరికీ ఉన్నట్టే చిన్న తెల్ల సిలువ, ఫాదర్ లూయిస్ అనే మఠం పేరుతో. 1968 డిసెంబర్ 10న బ్యాంకాక్ దగ్గర కరెంట్ షాక్‌తో పోయాడు. జీవితమంతా యుద్ధం వద్దన్న మనిషి శవం వియత్నాంలో చనిపోయిన సైనికుల శవాలతో పాటు అమెరికా సైనిక విమానంలో తిరిగొచ్చింది.

1962లో యుద్ధం గురించి అచ్చువేయొద్దని ఆయన పైవాళ్లు ఆపేశారు. ఆయన లోబడ్డాడు, కానీ ఉత్తరాలు సైక్లోస్టైల్ తీసి స్నేహితులకు పంపుతూనే ఉన్నాడు. ఆ లోబడటం సరైనదేనా అంటే నాకింకా ఒప్పుకోబుద్ధి కాదు. అయితే అదే మఠానికి 1964 నవంబర్‌లో బెరిగన్ అన్నదమ్ములూ, ఎ.జె. మస్టీ లాంటి శాంతి కార్యకర్తలూ వచ్చి, నిరసనకి ఆధ్యాత్మిక మూలాలేంటని కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ కూటానికి వచ్చిన జిమ్ ఫారెస్ట్, 1966లో పూర్తిగా నిరాశపడి ఉత్తరం రాస్తే, ఫలితం మీద ఆశ పెట్టుకోకు, చేసే పనిలోని సత్యాన్నే పట్టుకో, చివరికి నిన్ను నిలబెట్టేది పక్కనున్న మనుషులతో బంధమే అన్న అర్థంలో మెర్టన్ జవాబిచ్చాడు. కోర్టుల చుట్టూ తిరిగి విసిగిపోయిన మా ఊరివాళ్లకి ఈ మాట ముప్పై ఏళ్ల క్రితం ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది.

తిరుగు ప్రయాణంలో బెల్లార్మైన్ యూనివర్సిటీలోని మెర్టన్ సెంటర్‌కి కూడా వెళ్లాను, ఆయన రాతల్లో ఎక్కువ భాగం దాచింది అక్కడే. మా తెలుగు ఫెలోషిప్‌లో ఇప్పుడు నెలకో శనివారం అరగంట ఎవరూ మాట్లాడకుండా ఒక కీర్తనతో కూర్చుంటున్నాం, ఆ తర్వాత కుల దాడుల కేసులు నడిపే లాయర్లతో గుంటూరుకి ఫోన్. కొందరికి మౌనం ఇబ్బందిగా ఉంది, కొందరికి ఫోన్ ఇబ్బందిగా ఉంది. ఇద్దరినీ రమ్మనే అడుగుతున్నాం.