నైట్ డ్యూటీ దిగి ఇచ్చిన రక్తం

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నాకు నైట్ డ్యూటీలు వంతుల వారీగా వస్తాయి. గత ఏడాది వేసవిలో జుట్టు విపరీతంగా రాలడం, నెలసరి తప్పడం, ఎంతసేపు పడుకున్నా బడలిక తీరకపోవడం ఒకేసారి మొదలవడంతో థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోను), ఉదయపు కార్టిసాల్ (ఒత్తిడి హార్మోను) పరీక్షలకు రక్తం ఇచ్చాను. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను 6.9 వచ్చింది, మా ల్యాబులో పై హద్దు 4 చిల్లర. థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది. ప్రొలాక్టిన్ 25 దాటకూడదు, నాకు 41 ఉంది. కార్టిసాల్ కింది హద్దుకు దగ్గరగా ఉంది. థైరాయిడ్ మందగించిందనీ, మాత్ర మొదలుపెట్టవలసి రావచ్చనీ, అయితే ముందుగా ఒక ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, చూపించుకోవడం మంచిదనీ ఫిజీషియన్ చెప్పారు.

అపాయింట్‌మెంటు దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా తోటి నర్సులు చెప్పినవీ, ఫోనులో ప్రకటనలుగా కనిపించినవీ కలిపి కొన్ని సప్లిమెంట్లు వాడసాగాను. డ్యూటీ దిగాక పగలు నిద్ర పట్టడానికి 10 మిల్లీగ్రాముల మెలటోనిన్, ఒత్తిడి తగ్గడానికి అశ్వగంధ గమ్మీలు, జుట్టుకు బయోటిన్, కండరాల నొప్పులకు మెగ్నీషియం. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు తాజా రిపోర్టు ఉంటే మేలని మళ్లీ పరీక్ష చేయించుకుంటే, ఈసారి టీఎస్‌హెచ్ 0.3కు పడిపోయి, థైరాయిడ్ తయారుచేసే ఫ్రీ టీ4 హార్మోను పై హద్దును దాటి కనిపించింది. మొదటి కాగితం ప్రకారం నా థైరాయిడ్ మందగించింది, రెండో కాగితం ప్రకారం అతిగా పనిచేస్తోంది. శరీరంలో మాత్రం నాకు ఏ తేడా తెలియలేదు. గుండెదడ లేదు, చేతులు వణకడం లేదు, బరువు తగ్గలేదు.

ఎండోక్రైనాలజిస్టు రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న లక్షణాల గురించి కాదు. “రక్తం ఇచ్చే ముందు రాత్రి నిద్రపోయినావా అమ్మా?” అని అడిగారు. మొదటిసారి రక్తం ఇచ్చింది నైట్ డ్యూటీ ముగించి, డ్యూటీ రూములో గంటసేపు కునుకు తీసి లేచిన వెంటనే. ఆ మాట చెప్పగానే ఆమె ప్రొలాక్టిన్ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. మళ్లీ వచ్చేటప్పుడు వాడుతున్నవన్నీ, గ్యాసు మాత్రతో సహా, డబ్బాలతోనే తీసుకురమ్మన్నారు.

ఆమె వివరించిన దాన్ని నేను తరువాత పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను. టీఎస్‌హెచ్ రోజంతా ఒకే మట్టంలో ఉండే హార్మోను కాదు. మధ్యాహ్నం తక్కువగా ఉండి, సాయంత్రం నుంచి పెరుగుతూ, రాత్రివేళ అత్యధికానికి చేరుతుంది. మామూలుగా నిద్ర ఆ పెరుగుదలను అణచి ఉంచుతుంది. రాత్రంతా మేలుకుని ఉంటే అణచేది ఉండదు కనుక టీఎస్‌హెచ్ ఇంకా పైకి పోతుంది, తెల్లవారి తీసిన రక్తంలో ఆ ఛాయ మిగిలి ఉండవచ్చు. ప్రొలాక్టిన్ సంగతి దీనికి తలకిందులు. అది గడియారం కంటే నిద్రనే ఎక్కువగా చూస్తుంది. పగలు పడుకున్నా సరే, నిద్ర పడితే పెరుగుతుంది, లేచాక కొద్దిసేపటికి దిగుతుంది. అందుకే నిద్ర లేచిన రెండు మూడు గంటల తరువాతనే ఆ పరీక్షకు రక్తం తీయాలి. నేను లేచిన పది నిమిషాల్లోపే ఇచ్చాను. కార్టిసాల్ కూడా రాత్రి పడుకుని ఉదయం లేచేవారి కోసం గీసిన హద్దులతోనే చూడబడుతుంది. తెల్లవారుజామున పెరిగి, లేచిన అరగంటకు శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అడుగంటే హార్మోను అది. నెలలో సగం రాత్రులు మేలుకునే మనిషికి ఉదయం 8 గంటల అంకెను ఒక్కదాన్నే పట్టుకుని, కార్టిసాల్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథి అలసిపోయిందని చెప్పడం శాస్త్రం కాదని ఆమె గట్టిగా అన్నారు.

రెండో రిపోర్టు గుట్టు డబ్బాల్లో ఉంది. నా బయోటిన్ మాత్ర 10 మిల్లీగ్రాములది. పెద్దవారికి రోజుకు చాలినది 30 మైక్రోగ్రాములు, అంటే ఒక్క మాత్రలో మూడు వందల రెట్లకు పైగా ఉంది. చాలా ల్యాబు యంత్రాలు హార్మోన్లను కొలవడానికి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంట ఒకదానికొకటి అతుక్కునే గుణాన్ని వాడుకుంటాయి. రక్తంలో బయోటిన్ విపరీతంగా ఉంటే ఆ అతుకు చెదిరిపోతుంది. టీఎస్‌హెచ్‌ను కొలిచే పద్ధతిలో అంకె అబద్ధంగా తగ్గుతుంది, ఫ్రీ టీ4 పద్ధతిలో అబద్ధంగా పెరుగుతుంది. రెండూ కలిస్తే థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న రోగి రిపోర్టు అచ్చంగా తయారవుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష సైతం ఇలా తప్పుగా తక్కువ చూపవచ్చని అందులో ఉంది. ఐసీయూలో పనిచేసే నాకు థైరాయిడ్ కంటే ఆ మాటే ఎక్కువ కలవరం కలిగించింది. ఛాతీ నొప్పితో వచ్చిన వారిని బీపీ మాత్రలు, షుగరు మాత్రలు అడుగుతాం గాని జుట్టు మాత్రలు అడగం. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

అశ్వగంధను కూడా ఆమె అనుమానితుల వరుసలోనే ఉంచారు. అది థైరాయిడ్ హార్మోన్లను నిజంగానే పెంచగలదు. వాడుతుండగా థైరాయిడ్ అతిగా పనిచేసిన కేసులు, కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. థైరాయిడ్, లైంగిక హార్మోన్లపై దాని ప్రభావాన్ని కూడా కారణంగా చూపి డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. మా అవ్వ కాలం నుంచి పాలలో కలిపి తాగిన దినుసే కదా అని నా మనసు కొంత ఎదురు తిరిగిన మాట నిజం. కానీ వైద్యుడు నాడి చూసి కొన్నాళ్లకు ఇచ్చే చూర్ణం వేరు, సారాన్ని చిక్కబరిచి, ఎవరి పర్యవేక్షణా లేకుండా నెలల తరబడి నమిలే గమ్మీ వేరు. గ్యాసు మాత్రదీ తక్కువ పాత్ర కాదు. నైట్ డ్యూటీలో వేళ తప్పిన తిండికి మేమంతా వేసుకునే ఆ మాత్రలో వికారం తగ్గించే డోంపెరిడోన్ అనే మందు కలిసి ఉంటుంది, అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి తప్పుతుంది.

మెలటోనిన్ గురించి నేను అడిగినన్ని ప్రశ్నలు దేని గురించీ అడగలేదు. 1958లో ఆరన్ లెర్నర్ బృందం పశువుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసిన ఈ హార్మోను, చీకటి పడిందని ఒంటికి తెలియజేసే కబురు మాత్రమే, మత్తుమందు కాదు. మామూలుగా నిద్రవేళకు రెండు గంటల ముందు నుంచి రక్తంలో పెరుగుతుంది, కంటి మీద గట్టి వెలుతురు పడితే ఆగిపోతుంది. ఒంట్లో సహజంగా ఉండే మట్టానికి చేర్చడానికి అర మిల్లీగ్రాము లోపే సరిపోతుంది, నేను మింగుతున్నది 10. అది అండాశయాల మీద పనిచేస్తుందా అని అడిగితే, 1992లో నెదర్లాండ్స్ పరిశోధకులు స్త్రీలకు రోజుకు 300 మిల్లీగ్రాములు ఇచ్చి చూసినప్పుడు అండం విడుదలకు కావలసిన ఎల్‌హెచ్ తగ్గిందనీ, నా మోతాదు దానికి ఎంతో దిగువన ఉందనీ, నా నెలసరి తప్పడానికి దాన్ని కారణంగా చెప్పలేననీ చెప్పారు. తప్పు వేళకు వేసుకుంటే మాత్రం ఒంటి గడియారం ఎటు జరగాలో తెలియక తడబడుతుంది. నేను నైట్ వారంలో ఉదయం 9 గంటలకు, సెలవు రోజుల్లో రాత్రి 11 గంటలకు వేసుకునేదాన్ని. దీనికి తోడు సప్లిమెంటుగా అమ్మే మెలటోనిన్ డబ్బా మీది అంకెను నమ్మలేం. కెనడాలో 31 ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రాసిన దానికంటే 83 శాతం తక్కువ మొదలుకొని 478 శాతం ఎక్కువ వరకు మందు ఉన్నట్టు తేలింది. వాటిలో ఎనిమిదింటిలో సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనం కూడా దొరికింది.

డాక్టరు సలహాతో సప్లిమెంట్లన్నీ ఆపాను, గ్యాసు మాత్ర మార్చారు. బయోటిన్ ప్రభావం పోవడానికి కొన్ని రోజులు చాలునట, థైరాయిడ్ మాత్రం స్థిమితపడటానికి వారాలు కావాలి కనుక మరో రెండు నెలల తరువాతే పరీక్ష అన్నారు. ఆ రెండు నెలలు నిద్రను చక్కబెట్టుకోవడానికి వాడుకున్నాను. ఈ ప్రక్రియలో నిజంగా కష్టమైన భాగం అదే.

కర్నూలు ఎండలో పగటి నిద్ర అంటే ఏమిటో ఇక్కడి వారికి చెప్పనవసరం లేదు. మే నెలలో ఉదయం 10 దాటితే మిద్దె కాలి, గది కుంపటిలా ఉంటుంది. కూలర్ పెడితే ఉక్క, ఆపితే వేడి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి ఉష్ణోగ్రత కొంత దిగాలి, పగలు అది సహజంగానే పెరిగే దిశలో ఉంటుంది. అందువల్ల రాత్రి మేలుకున్న మనిషి ఎంత అలసినా ఐదు గంటలకే మెలకువ వస్తుంది. కింది అంతస్తులో సామాన్లు పెట్టుకునే గదిని ఖాళీ చేసి, కిటికీకి నల్లగుడ్డ రెండు పొరలుగా కుట్టించి, పడక అక్కడికి మార్చుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద ముదురు నల్లద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను, ఉదయపు వెలుతురు తెల్లవారిందని మెదడుకు చెప్పకుండా ఉండటానికి. కళ్లు మూతలు పడేంత మత్తుగా ఉన్న రోజు అద్దాలతో బండి నడపడం ప్రమాదం కనుక ఆ రోజు ఆటోలో వచ్చేదాన్ని. వస్తూనే ఉగ్గాని, బజ్జీ తిని టీ తాగే అలవాటు మానుకుని, కొంచెం మజ్జిగన్నం తిని పడుకుంటున్నాను. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది కనుక తెల్లవారుజామున 3 తరువాత వార్డులో కూడా తాగడం లేదు. మా అత్తమ్మ మొదట, “పొద్దు నెత్తికెక్కినాక తలుపేసుకోని పండుకుంటే ఎవురన్నా వస్తే ఏమనుకుంటారు?” అని నొచ్చుకున్నారు. రిపోర్టులు చూపించి విడమరిచి చెప్పిన తరువాత ఫోను, కాలింగ్ బెల్లు రెండూ ఆమే చూసుకున్నారు. ఇంట్లో ఇంకొకరు కాపలా లేకుండా పగటి నిద్ర సాధ్యం కాదని నా అభిప్రాయం. నర్సింగ్ సూపరింటెండెంటును అడిగి, చెదురుమదురుగా పడే నైట్లను ఒకేచోట వరుసగా వేయించుకున్నాను.

ఈసారి పరీక్షను పగటి డ్యూటీ వారం చివరిలో పెట్టుకున్నాను. అప్పటికి చాలా రాత్రులు వరుసగా నిద్రపోయి ఉన్నాను. ఉదయం ఐదున్నరకు లేచి, 8 గంటలకు రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 3.2, ఫ్రీ టీ4 మామూలు, ప్రొలాక్టిన్ 17, థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు లేవు. థైరాయిడ్ మాత్ర, ప్రొలాక్టిన్‌ను తగ్గించే మాత్ర రెండూ అవసరం లేదని తేల్చారు. మొదటి అంకె 6.9 నిజమైనదే అయినా, 10 లోపు ఉన్న టీఎస్‌హెచ్‌కు ఒక్క రిపోర్టుతో జీవితకాలపు మాత్ర రాయరని, మళ్లీ పరీక్షించే చూస్తారని చెప్పారు. నెలసరి రెండు నెలల్లో దారికి వచ్చింది. అది గ్యాసు మాత్ర మార్చినందుకో, నిద్ర పెరిగినందుకో విడదీసి చెప్పలేమన్నారు. జుట్టు రాలడం మాత్రం తగ్గలేదు. ఆ కారణం వెతికితే, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువగా, 11 దగ్గర ఉంది. ఇనుము మాత్రలు వాడుతున్నాను, బడలికలో కొంత భాగం దానిదే అయి ఉండాలి.

మా తమ్ముడు అమెరికా వేళలకు ఇంటి నుంచే పనిచేస్తాడు. నా సంగతి విని అతడూ పరీక్షకు వెళ్లబోతే, ముందు కొన్నాళ్లు సరిగా పడుకోమని ఆపాను. షికాగో పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువకులను ఒక వారం పాటు రోజుకు ఐదు గంటలే నిద్రపోనిచ్చి చూడగా, పగటి టెస్టోస్టిరోన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్టు 2011లో ప్రచురించారు. మా వార్డు ఆయమ్మ నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. నా దగ్గర మిగిలిన మెగ్నీషియం డబ్బా అడిగితే ఇవ్వలేదు. మెగ్నీషియం, ఇనుము, కాల్షియం ఏదైనా ఆ మాత్రను పేగుల్లో సరిగా ఇంకనివ్వదు, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. వాడాలనుకుంటే ముందు తన డాక్టరును అడగమన్నాను. నాకు మెలటోనిన్ అవసరమైతే నైట్ల నుంచి పగటి డ్యూటీకి మారే రోజుల్లో మాత్రమే, అదీ 3 మిల్లీగ్రాముల మామూలు మాత్రలో సగం, పడుకోవడానికి గంట ముందు వేసుకోవచ్చని అనుమతి ఉంది. నెమ్మదిగా కరిగే రకాన్ని విరగ్గొట్టకూడదని కూడా చెప్పారు. ఇంతవరకు వేసుకోలేదు. తరువాతి టీఎస్‌హెచ్ ఆరు నెలలకు రాశారు. ఆ నెల రోస్టరు రాగానే పగటి డ్యూటీ వారం చూసుకుని ల్యాబుకు వెళతాను, లేచిన వేళ, ముందు రాత్రి నిద్ర, వాడుతున్న మాత్రలు చీటీ మీద రాసి ఇస్తాను.