మైక్రోసాఫ్ట్ యాక్సెస్ లేకుండా మా లైబ్రరీ లెక్కలు

మా కాలనీ లైబ్రరీ చిట్టా అంతా ఎక్సెల్‌లో ఉండేది. ఒకావిడే ఒక వరుసలో వెంకటలక్ష్మి, ఇంకో వరుసలో వి. లక్ష్మి. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో తేల్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఇలాంటి చిట్టాలు నడిపే డేటాబేస్ ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ కొందామంటే డబ్బు ఒక ఎత్తు, అది విండోస్‌లో తప్ప నడవకపోవడం మరో ఎత్తు. మా కంప్యూటర్లో ఉన్నది విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్.

చివరికి లిబ్రేఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రాం బేస్‌తో కుదిరింది. ఉచితం. బ్యాంకు క్లర్కుగా రిటైరైన నాకు కోడింగ్‌లో ఓనమాలు రావు, అయినా పని సాగింది. సభ్యులకొక టేబుల్ (పట్టిక), పుస్తకాలకొకటి, ఇచ్చినవాటికొకటి. ఈ మూడోదాంట్లో పేర్లే ఉండవు: సభ్యుడి నంబరు, పుస్తకం నంబరు, ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, అంతే. ఎంట్రీలు వేసే ఫారంలో లిస్ట్ బాక్స్ పెట్టాక పేరు టైపు చేసే పనే లేదు, జాబితాలోంచి ఎంచుకోవడమే. స్పెల్లింగుల గొడవ వదిలింది! తిరిగి రానివాటి కోసం క్వెరీ (కావలసిన వరుసలే వెతికి తీసేది) డిజైన్‌లో తిరిగొచ్చిన తేదీ కింద, క్రైటీరియన్ (షరతు) గడిలో, 'ఈజ్ ఎంప్టీ' (ఖాళీగా ఉంది) అని ఇంగ్లీషులో కొడితే చాలు. బాకీదార్ల చిట్టా సిద్ధం.

చిక్కులూ ఉన్నాయి. బేస్‌లో కొత్త ఫైలు మొదలెట్టేటప్పుడు హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ అనే డేటాబేస్ రకం ఎంచుకుంటే, కంప్యూటర్లో జావా అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉండి తీరాలి. డేటా అంతా ఒకే ఓడీబీ ఫైలులో (బేస్ సొంత రకం ఫైలు) ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో సేవ్ కొట్టాలి, లేదంటే కరెంటు పోతే టెన్షనే. నేను రోజూ సాయంత్రం ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తాను. ఇద్దరు ఒకేసారి ఎంట్రీలు వేయాలంటే మాత్రం ఈ ఒంటరి ఫైలు పనికిరాదు, వెనకాల మరియాడీబీ లాంటి డేటాబేస్ సర్వర్ పెట్టుకోవాలి. మా లైబ్రరీకి ఉన్నది ఒక్క కుర్చీ, ఆ అవసరం రాలేదు.