మే నెల ఉక్కలో లిఫ్టింగ్, చేతిలో చల్లటి బాటిల్: నా అనుభవం

మా బెజవాడలో మే నెలలో సాయంత్రం ఆరింటికి కూడా ఉక్కపోత తగ్గదు, మా జిమ్ ఏమో మేడ మీద రేకుల షెడ్డు, ఏసీ లేదు, ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతుంటాయి. చలికాలంలో హాయిగా లేపిన బరువే, మొదటి సెట్ (ఆపకుండా వరసగా లేపే ఒక విడత) బానే పోతుంది, రెండోది పర్లేదు, మూడో సెట్‌లో సగానికే చేతులు చచ్చుబడిపోతాయి. తిండి, నిద్ర ఏమీ మారలేదు, మారిందల్లా వేడే.

దీని గురించి వెతికితే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రెయిగ్ హెల్లర్, డెనిస్ గ్రాన్ అనే శాస్త్రవేత్తలు చేసిన పని దొరికింది. అరచేతులు, అరికాళ్ల చర్మం కింద ధమనుల్ని సిరల్ని నేరుగా కలిపే ప్రత్యేకమైన నాళాలు ఉంటాయంట, ఒళ్లు వేడెక్కితే అవి తెరుచుకుని బోలెడు రక్తాన్ని అక్కడికి తెస్తాయి, అక్కడ చల్లబడిన రక్తం తిరిగి గుండెకి పోతుంది. సెట్ల మధ్య అరచేతులు చల్లబరిస్తే బెంచ్ ప్రెస్ (పడుకుని బరువు పైకి నెట్టడం), పుల్‌అప్స్‌ (కడ్డీ పట్టుకుని ఒళ్లు పైకి లాగడం)లో ఎక్కువ పని చేయగలిగారని 2012లో వాళ్ల పేపర్ వచ్చింది. తర్వాత వేరేవాళ్లు చేసిన కొన్ని ప్రయోగాల్లో అంత తేడా రాలేదు కూడా, అందుకే నా మీద నేనే చూసుకుందామనుకున్నా.

ఐస్ పట్టుకోకూడదు, మరీ చల్లగా ఉంటే ఆ నాళాలే మూసుకుపోతాయి, ఇక వేడి బయటికెలా పోతుంది? 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు చాలు. ఫ్రిజ్ నీళ్లలో కాస్త మామూలు నీళ్లు కలిపి థర్మామీటర్‌తో చూసుకుని రెండు సన్నటి స్టీలు బాటిళ్లలో పోసుకుని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లేవాణ్ణి. సెట్ అవ్వగానే చేతికొకటి పట్టుకుని రెండు మూడు నిమిషాలు, మధ్యమధ్యలో బాటిల్ తిప్పుతూ ఉండాలి, లేకపోతే చేయి తగిలిన చోటే వేడెక్కిపోతుంది. మా ట్రైనర్ అన్న ఒకటే మాటన్నాడు, "తమ్ముడూ, చేతులు తిమ్మిరెక్కితే బార్ జారుద్ది, తుడుచుకునే పట్టుకో".

రెస్ట్ ఎక్కువ తీసుకున్నా రెప్స్ (ఒక సెట్‌లో ఎన్నిసార్లు లేపామన్న లెక్క) పెరుగుతాయి కదా, అందుకని ఒకరోజు చల్లటి బాటిళ్లు, ఇంకోరోజు మామూలు నీళ్ల బాటిళ్లు, రెస్ట్ మాత్రం గడియారం చూసి ఒకటే. మొదటి సెట్‌లో ఏ తేడా లేదు. చివరి సెట్లలో మాత్రం ఒకట్రెండు రెప్స్ అదనంగా వచ్చేవి, పుల్‌అప్స్‌లో ఇంకా బాగా తెలిసింది, వేడికి మొహం మీద వచ్చే మంట కూడా తగ్గేది. హైదరాబాద్‌లో అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు ఏసీ జిమ్‌లో చేస్తే దాదాపు ఏమీ తెలియలేదు, కాబట్టి ఇది ఉక్కలో లిఫ్ట్ చేసేవాళ్లకే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. కళ్లు తిరిగినట్టుంటే మాత్రం బాటిల్‌ని నమ్ముకోకండి, ఆ రోజుకి ఆపేయండి.

వర్కవుట్ అయ్యాక ఐస్ టబ్‌లో కూర్చోమని కూడా ఫ్రెండ్స్ అన్నారు, నేను కూర్చోలేదు. 2015లో వచ్చిన ఒక స్టడీలో 12 వారాలు, ప్రతి వర్కవుట్ తర్వాత 10 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు కూర్చున్నవాళ్లకి కండ, బలం రెండూ తక్కువ పెరిగాయి. మా బ్యాచ్‌లో క్రికెట్ ఆడే కుర్రాళ్లు మాత్రం మర్నాడే మ్యాచ్ ఉంటే కూర్చుంటారు, వాళ్లకి కావాల్సింది పొద్దుటికల్లా ఒళ్లునొప్పులు తగ్గడం.