పాఠం వింటూ అల్లిన వరసలు

మన బ్యాచ్‌లో చాలామందికి నా ఇంటిపేరు గుర్తుండకపోవచ్చు. "క్లాసులో ఊలు అల్లేవాడు" అంటే మాత్రం ఠక్కున గుర్తుపడతారు. సంచికకు వ్యాసం అడిగిన మిత్రుడు కూడా "ఇంకేదీ రాయకు, ఆ క్రోషే గొడవే రాయి" అన్నాడు. బాగోకపోతే వాడినే తిట్టండి. తెలియనివాళ్లకు, క్రోషే అంటే కొస వంగిన ఒకే ఒక్క హుక్‌తో ఊలును లూపులుగా లాగుతూ అల్లడం.

ఊరికే కూర్చుని వినడం నాకు మొదటినుంచీ చేతకాదు. మాటలు చెవిన పడుతూనే ఉంటాయి, మనసు మాత్రం కాసేపటికే ఎటో వెళ్లిపోతుంది. వేళ్లకు ఏదో ఒక పనుంటే అలా పోదు. పెన్ను తిప్పడం, కాలు ఊపడం, పుస్తకం అంచున పిచ్చి గీతలు గీయడం అందరూ చేసేవే. నా పని కాస్త ఎక్కువగా కనిపించేది, అంతే తేడా.

ఇది నా ఒక్కడి గోల కాదని చాలాకాలం తర్వాత తెలిసింది. జాకీ ఆండ్రేడ్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2010లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 40 మందికి కావాలనే విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపించారు. సగం మందిని మాత్రం కాగితం మీది బొమ్మలకు పెన్సిల్‌తో రంగు నింపుతూ వినమన్నారు. తర్వాత ముందు చెప్పకుండా పరీక్ష పెడితే, పెన్సిల్ పట్టినవాళ్లు 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారట. చేతికి చిన్న పనుంటే పగటికలలు తగ్గుతాయేమోనని ఆమె ఆలోచన. పెన్సిల్ వేరు, క్రోషే వేరు, పైగా 40 మంది లెక్కతో ఎవరితోనూ వాదించలేం. నా అనుభవానికి మాత్రం బాగానే సరిపోయింది.

అసలు కిటుకు అల్లడంలో లేదు, ఏం అల్లుతున్నామన్న దాంట్లో ఉంది. అమిగురుమి అని జపాన్ పద్ధతి బొమ్మలుంటాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. మొదటి చుట్టులో 6 కుట్లు, తర్వాత 12, 18, 24 అంటూ పెంచుకుంటూ పోవాలి. లోపల "పదమూడు, పద్నాలుగు" అని లెక్క నడుస్తుంటే మాస్టారి మాటకు చోటెక్కడ? రెండూ మాటలే, ఒకదాన్నొకటి తోసేస్తాయి. సన్న దారంతో అల్లే లేసుదీ అదే కథ, కాకపోతే అది కళ్లను లాక్కుంటుంది. ఈ రెండూ క్లాసుకు పనికిరావు. క్లాసుకు కావలసింది ఏ మాత్రం ఆసక్తి లేని పని. సింగిల్ క్రోషేతో నిలువుగా సాగిపోయే మఫ్లర్ అన్నిటికంటే మేలు. కుట్టు పైన జడపాయల్లా కనిపించే రెండు పోగుల కింద హుక్ దూర్చాలి, ఊలు లాగాలి, మళ్లీ చుట్టి రెండు లూపుల్లోంచి లాగెయ్యాలి. వరస చివర ఒక చైన్, అంటే గొలుసు కుట్టు, వేసి వెనక్కి తిరగాలి. అంతకుమించి ఏమీ లేదు, అందుకే అది మంచిది. చేయి తిరిగాక గ్రానీ స్క్వేర్లు, అంటే మధ్యనుంచి చుట్లుగా అల్లే చదరపు ముక్కలు, కూడా కళ్లు దించకుండా వచ్చేశాయి.

సామాను ఎంచుకోవడానికీ ఒక లెక్క కుదిరింది. 5 మిల్లీమీటర్ల హుక్, మధ్యరకం మందంలో నునుపైన లేతరంగు ఊలు. నల్ల ఊలులో కుట్టు కనిపించదు, నూగు ఊలులో వేలికి తగలదు. ఉండను పైనుంచి కాకుండా లోపలి కొసనుంచి లాగితే దొర్లిపోదు. అల్యూమినియం హుక్ కింద పడితే క్లాసంతా తల తిప్పి చూస్తుంది, వెదురుదైతే ఎవరికీ వినిపించదు.

"మరి నోట్స్?" అని అప్పట్లో అందరూ అడిగేవారు. రాసుకోవలసిన చోట హుక్ పక్కన పెట్టేవాణ్ణి. క్రోషేలో ఆ వీలుంది. ఏ సమయంలోనైనా విడిగా ఉండేది ఒక్క లూపే, దాన్ని కాస్త పొడుగ్గా లాగి వదిలేస్తే చాలు. లెక్కలు చేయించే క్లాసులో ఊలు బయటికి తీసేవాణ్ణే కాదు. వివరణ ఎక్కువగా ఉండే పాఠాల్లో మాత్రం అల్లుతూ విని, గంట కొట్టగానే గుర్తున్నదంతా ఒక పేజీ గబగబా రాసుకునేవాణ్ణి. ఆ పేజీలే పరీక్షలకు పనికొచ్చాయి.

ఇక పట్టుబడిన ముచ్చట.

"ఏమిటయ్యా అది?"

"క్రోషే సార్. చేతులు ఖాళీగా ఉంటే నిద్రొస్తుంది సార్."

"అంటే నేను నిద్రొచ్చేలా చెబుతున్నానంటావు."

క్లాసంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వేశారు. "వెనక వరసలో గోడ పక్కకి వెళ్లు. నేను నోట్స్ చెప్పేటప్పుడు అది సంచీలో ఉండాలి" అన్నారు. ఆ ఒప్పందం చివరిదాకా నడిచింది. ఇంకో మాస్టారు మాత్రం అస్సలు ఒప్పుకోలేదు. "నీ ధ్యాస కుదిరింది సరే, నీ పక్కవాడు ఇందాకట్నుంచీ నీ చేతులే చూస్తున్నాడు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కదిలే చేయి పక్కవాడి కంటిని లాగుతుంది. అందుకే ఇది నా హక్కని ఎప్పుడూ అనుకోలేదు. ముందు అడగాలి, వెనక కూర్చోవాలి, కాదంటే మానెయ్యాలి.

మగపిల్లాడివి ఇదేం పనిరా అన్నవాళ్లూ ఉన్నారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన డైవర్ టామ్ డేలీ గ్యాలరీలో కూర్చుని ఊలు అల్లుకుంటూ పోటీ చూస్తున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. పతకానికి ఆయన ఒక సంచీ కూడా అల్లుకున్నాడు. ఆ ఫొటో కొంచెం ముందే వచ్చి ఉంటే నాకెంత కలిసొచ్చేది!

ప్రయాణాల్లో క్రోషే విలువ ఇంకా బాగా తెలుస్తుంది. బస్సు కుదిపి హుక్ జారినా పోయేది ఒక్క లూపు. రెండు సూదుల అల్లికలో అయితే సూది జారితే వరసంతా ఊడొస్తుంది. తల వంచి చూస్తూ అల్లితే కడుపులో తిప్పుతుంది కాబట్టి చూపు కిటికీ వైపు, పని వేళ్లకు. చెవిలో రికార్డు చేసుకున్న పాఠం. పక్క సీటువాళ్లు పలకరించడం మాత్రం ఆపలేం, "ఎవరి కోసం?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. విమానమైతే ముందు నిబంధనలు చూసుకోవాలి. అమెరికాలో క్రోషే హుక్‌ను క్యాబిన్‌లోకి రానిస్తారు, కత్తెర మాత్రం ఇరుసు నుంచి 4 అంగుళాల లోపుండాలి. లోపల బ్లేడు దాగుండే గుండ్రటి దారం కట్టర్‌ని క్యాబిన్ బ్యాగులో పెట్టకూడదు. నేను కొసలన్నీ ఇంటికెళ్లాకే కత్తిరిస్తాను, ఆ తంటాయే ఉండదు.

ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లోనూ ఇదే పని. ఆన్‌లైన్‌లో అయితే కెమెరాకు చేతులు కనిపించవు, ఎవర్నీ అడగక్కర్లేదు.

పరీక్ష హాలు సంగతేమిటని జూనియర్లు అడుగుతారేమో. అప్పట్లోనే అడిగి చూశాను, ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా లాభం లేదు, రాసే చేయీ అల్లే చేయీ ఒకటే.