మా పాత షెల్‌ను విడదీసి జుపిటర్‌లో పెట్టిన వైనం

మా ఆఫీసులో లెక్కల నిబంధనలు రాసుకోవడానికి ఒక చిన్న సొంత భాష ఉంది. దాని షెల్, అంటే లైన్ టైప్ చేస్తే జవాబు చూపించే ప్రోగ్రాం, పైథాన్‌లో రాసిన ఒకే ఒక్క వైల్ లూప్. లైన్ చదవడం, పార్స్ చేయడం (ముక్కలుగా విడదీసి అర్థం చేసుకోవడం), లెక్క కట్టడం, స్క్రీన్ మీద చూపించడం అన్నీ అందులోనే. టెర్మినల్‌లో బాగానే నడిచేది. అకౌంట్స్ వాళ్లు దాన్ని జుపిటర్ నోట్‌బుక్‌లో, అంటే సెల్ అనే గడుల్లో కోడ్ రాసి దాని కిందే జవాబు చూసుకునే చోట, కావాలన్నారు, పని నా మీద పడింది.

జుపిటర్‌కు మూలమైన, ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ కూడా మొదట్లో మామూలు టెర్మినల్ షెల్లే. తర్వాత మనిషి టైప్ చేసే వైపును, కోడ్ నడిపే వైపును వేర్వేరు ప్రాసెస్‌లు చేశారు. నడిపేది కెర్నల్. రెండూ జీరోఎంక్యూ అనే మెసేజింగ్ లైబ్రరీ మీద, జేసన్ అనే టెక్స్ట్ పద్ధతిలో రాసిన మెసేజ్‌లతో మాట్లాడుకుంటాయి. ఆ కెర్నల్ పైథాన్‌దే కానక్కర్లేదు. 2014లో భాషతో సంబంధం లేని భాగాలను జుపిటర్ పేరుతో వేరు చేశారు.

పైథాన్ కెర్నల్ ప్యాకేజీ ఐపైకెర్నల్‌లో ఉన్న బేస్ క్లాసు తీసుకుంటే, మెసేజ్‌లు వచ్చిపోయే సాకెట్ల గొడవంతా అదే చూసుకుంటుంది. మనం తప్పనిసరిగా రాయాల్సిన మెథడ్, కోడ్‌ను నడిపే 'డూ_ఎగ్జిక్యూట్' ఒక్కటే. ఏ కమాండ్‌తో మొదలుపెట్టాలో 'కెర్నల్.జేసన్'లో రాసి ఇన్‌స్టాల్ చేస్తే మెనూలో మన భాష కనిపిస్తుంది. ఇక్కడిదాకా సాఫీగానే సాగింది.

అసలు చిక్కు ప్రింట్ దగ్గర. లెక్క కట్టే భాగం, అంటే మా ఇవాల్యుయేటర్, జవాబును వెనక్కి ఇచ్చేది కాదు, ఎక్కడికక్కడ ప్రింట్ చేసేసేది. జుపిటర్‌లో ప్రోగ్రాం ప్రింట్ చేసింది స్ట్రీమ్ మెసేజ్, సెల్ జవాబు వేరే మెసేజ్, ఎర్రర్ ఇంకో మెసేజ్. మా దగ్గర మూడూ కలగాపులగం. పార్సర్ జోలికి పోకుండా ముందు ఇదే సరిచేశాను: ఇవాల్యుయేటర్ ఇక విలువ తిరిగిస్తుంది, లేదా ఎర్రర్ లేపుతుంది. ప్రింట్ చేయాల్సింది ఉంటే బయటి నుంచి ఇచ్చిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. టెర్మినల్ షెల్ ఒక ఫంక్షన్ ఇస్తుంది, కెర్నల్ ఇంకొకటి. నన్నడిగితే షెల్‌ను విడదీయడంలో ముప్పాతిక పని ఇదే. దీని తర్వాతే టెస్టులు రాయడం కూడా కుదిరింది.

కోడ్ పూర్తయిందా లేదా అన్నది ఇంకో తలనొప్పి. నోట్‌బుక్‌కు ఆ బెంగ లేదు, షిఫ్ట్ ఎంటర్ కొడితే సెల్ అయిపోయినట్టే. కానీ టెర్మినల్‌లో నడిచే జుపిటర్ కన్సోల్ ఎంటర్ నొక్కినప్పుడు కెర్నల్‌నే అడుగుతుంది. మా పాత లూప్ బ్రాకెట్లు లెక్కపెట్టి తేల్చేది, కొటేషన్ల మధ్య బ్రాకెట్ వస్తే బోల్తా. పైథాన్ సొంత 'కోడ్ఆప్' మాడ్యూల్ పద్ధతే నయమనిపించింది: కంపైల్ చేసి చూసి, ఇంకా మిగిలుందంటే 'నన్' (ఏమీ లేదు అనే విలువ) ఇస్తుంది. మా పార్సర్‌లోనూ 'మధ్యలో ఆగిపోయింది' అనే ఎర్రర్‌ను మిగతా తప్పుల నుంచి వేరు చేశాను. ఆ తీర్పు చెప్పాల్సింది పార్సరే, షెల్ కాదు.

'క్విట్' కమాండ్ సంగతి నవ్వొచ్చేది. అది ప్రాసెస్‌ను నిలువునా ఆపేసేది, నోట్‌బుక్ కెర్నల్ చచ్చిపోయిందని చెప్పి మళ్లీ లేపేది. దాన్ని టెర్మినల్ వైపుకి పంపేశాను.

ఇప్పుడు అదే కెర్నల్ వీఎస్ కోడ్ ఎడిటర్‌లోనూ నడుస్తోంది, దానికోసం ఒక్క లైన్ కూడా మార్చలేదు. ట్యాబ్ కొడితే పేర్లు చూపించే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. అకౌంట్స్ వాళ్లు రోజూ గుర్తుచేస్తున్నారు.